సన్నటి గ్యారేజీ, వెడల్పాటి స్పోర్ట్స్ కారు: గేటు మార్చాలా, గోడ సర్దాలా, కారే మార్చాలా?

గ్యారేజీ లోపలి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, కారు వెడల్పు ఆరడుగుల పైచిలుకు. తీసివేస్తే రెండడుగులకు పైగా మిగులుతోంది కదా అనిపిస్తుంది. నిజమే, కారు పడుతుంది. కానీ నట్టనడుమ నిలిపితే ఒక్కో పక్క అడుగు చిల్లరే ఉంటుంది, అంత సందులో డోర్ తెరిచి దిగడం ఎవరివల్లా కాదు. కొనేముందు చాలామంది చూసేది కారు లోపలికి వెళ్తుందా లేదా అన్నదే. అసలు తేల్చాల్సింది డ్రైవర్ డోర్ పక్కన ఎంత ఖాళీ మిగులుతుందన్నది. గేటు, ర్యాంపు, పిల్లర్లు, పైపులు అన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

ఇక్కడి కొలతలు ముఖ్యంగా హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలోని సొంత ఇళ్లు, స్టిల్ట్ పార్కింగ్ (భవనం కింద పిల్లర్ల మధ్య వదిలే పార్కింగ్) ఉన్న అపార్టుమెంట్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. అమెరికా, బ్రిటన్ గ్యారేజీల తీరు వేరు కాబట్టి వాటి సంగతి చివర్లో విడిగా ఉంది.

## టేపు ఎక్కడెక్కడ పట్టాలి

ఇంటి ప్లానులో రాసిన వెడల్పును నమ్మవద్దు. అందులో ప్లాస్టరింగ్ మందం, టైల్స్, పైపులు ఉండవు. లోపలి వెడల్పును మూడు ఎత్తుల్లో కొలవండి. నేల దగ్గర గట్లు, స్కర్టింగ్ అడ్డొస్తాయి. రెండడుగుల ఎత్తులో డోర్ అంచు తగులుతుంది. మూడడుగుల ఎత్తులో సైడ్ మిర్రర్లు ఉంటాయి. ఈ మూడు కొలతలనూ గ్యారేజీ మొదట్లో, మధ్యలో, చివర్లో తీసుకోండి. తొమ్మిది అంకెల్లో అన్నింటికంటే చిన్నదే మీ గ్యారేజీ వెడల్పు.

తర్వాత గేటు. రెండు స్తంభాల మధ్య దూరం చాలదు. రెక్కలు పూర్తిగా తెరిచాక వాటి మధ్య మిగిలిన దూరం కావాలి. గడియ, బందులు పొడుచుకొచ్చిన చోట కొలవండి. ఇంటిముందు రోడ్డు ఎంత వెడల్పో, ఎదురింటి వాళ్ల బండి మామూలుగా ఎక్కడ ఆగుతుందో కూడా చూసుకోవాలి. నేరుగా వచ్చే కారుకు సరిపోయే గేటు, ఇరవై అడుగుల సందులోంచి తిరిగి వచ్చే కారుకు చాలకపోవచ్చు.

ఇక లెక్క:

కావాల్సిన లోపలి వెడల్పు = కారు బాడీ వెడల్పు + ఎడమ పక్క 12 సెం.మీ. + డ్రైవర్ పక్క 65 సెం.మీ.

ఎడమ పక్క 12 సెం.మీ. ఎందుకంటే మడిచిన మిర్రర్ కూడా బాడీకి కొద్దిగా బయటికే ఉంటుంది. డ్రైవర్ పక్క 65 సెం.మీ. అనేది మామూలు ఒళ్లున్న మనిషి నడుం వంచి, ఒక కాలు ముందు పెట్టి దిగడానికి కావాల్సిన కనీసం. హాయిగా దిగాలంటే 80 కావాలి. మామూలు సెడాన్ 55 సెం.మీ.తో నెట్టుకొస్తుంది, దీనికి ఎక్కువెందుకని అనుమానం రావచ్చు. కారణాలు రెండు. సీటు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మనిషి నిటారుగా కాక వాలుగా బయటికొస్తాడు. పైగా రెండు డోర్ల కారుకు డోర్ పొడవెక్కువ. 130 సెం.మీ. పొడవున్న డోర్ 65 సెం.మీ. ఖాళీలో సుమారు 30 డిగ్రీలు తెరుచుకుంటుంది. అదే ఖాళీలో సెడాన్‌కుండే 105 సెం.మీ. డోర్ 38 డిగ్రీల దాకా వస్తుంది. చోటు అంతే అయినా దిగే దారి సన్నబడుతుంది.

మన రోడ్ల మీద కనిపించే కొన్ని కార్లకు ఈ లెక్క వేస్తే ఇలా వస్తుంది. గేటు కొలత కోసం మిర్రర్లు తెరిచి ఉన్నప్పటి వెడల్పుకు రెండు పక్కలా 15 సెం.మీ. చొప్పున కలిపాం. కారు పేరు పక్కన బ్రాకెట్లలో ఉన్నది అది ఏ తరం మోడలో చెప్పే గుర్తు.

| కారు | బాడీ వెడల్పు (సెం.మీ.) | మిర్రర్లతో (సెం.మీ.) | కావాల్సిన లోపలి వెడల్పు | నేరుగా వస్తే కావాల్సిన గేటు |
|---|---|---|---|---|
| పోర్షే 718 కేమన్ | 180 | 199 | 257 (8 అ. 5 అం.) | 229 (7 అ. 6 అం.) |
| పోర్షే 911 కరెరా (992) | 185 | 202 | 262 (8 అ. 7 అం.) | 232 (7 అ. 7 అం.) |
| బీఎండబ్ల్యూ జెడ్4 (జీ29) | 186 | 202 | 263 (8 అ. 8 అం.) | 232 (7 అ. 7 అం.) |
| బీఎండబ్ల్యూ ఎం2 (జీ87) | 189 | 207 | 266 (8 అ. 9 అం.) | 237 (7 అ. 9 అం.) |
| ఫోర్డ్ మస్టాంగ్ జీటీ (పాత తరం) | 192 | 208 | 269 (8 అ. 10 అం.) | 238 (7 అ. 10 అం.) |
| లాంబోర్గినీ హురకాన్ ఎవో | 193 | 224 | 270 (8 అ. 10 అం.) | 254 (8 అ. 4 అం.) |

ఈ పట్టికలో గమనించాల్సినవి రెండు ఉన్నాయి. 911కూ హురకాన్‌కూ బాడీలో తేడా 8 సెం.మీ. మాత్రమే, మిర్రర్లతో చూస్తే 22 సెం.మీ. గేటు సన్నగా ఉన్నవాళ్లకు ఈ రెండో అంకే ముఖ్యం. ఇక పట్టికలో చేర్చని లాంబోర్గినీ అవెంటడోర్. దాని బాడీ 203 సెం.మీ., వీటన్నింటికంటే వెడల్పు. కానీ డోర్లు పైకి లేస్తాయి కాబట్టి డ్రైవర్ పక్కన నిలబడే చోటు, అంటే 45 సెం.మీ. ఉంటే చాలు. మొత్తం 260 అవుతుంది. లోపలి వెడల్పు వరకు చూస్తే ఎం2 కంటే తక్కువ చోటులో సర్దుకుంటుంది. డోర్ లేచే చోట బీము కింద ఎత్తు చూసుకోవడం మాత్రం మరవకూడదు.

## ర్యాంపు: వెడల్పుతో ముడిపడిన ఇంకో చిక్కు

వాన నీళ్లు లోపలికి రాకూడదని, రోడ్డు మళ్లీ మళ్లీ వేస్తే ఇల్లు పల్లమైపోతుందని మన ఇళ్లను ఎత్తులో కడతాం. పార్కింగ్ నేల రోడ్డుకు అడుగున్నర ఎత్తులో ఉండి, ర్యాంపు ఆరడుగులే ఉంటే వాలు నాలుగుకు ఒకటి, అంటే 14 డిగ్రీలు. మామూలు కార్లు ఎక్కేస్తాయి. స్పోర్ట్స్ కారు ముందు బంపర్ కింది అంచు నేలకు 12 సెం.మీ. ఎత్తులో, ముందు చక్రం నేలను తాకే చోటికి 85 సెం.మీ. ముందుగా ఉందనుకుందాం. అది 8 డిగ్రీల వాలుకే తగులుతుంది. అందుకని పదికి ఒకటి వాలును లక్ష్యంగా పెట్టుకోవాలి. అది 5.7 డిగ్రీలు. ఎనిమిదికి ఒకటి (7.1 డిగ్రీలు) అంచు మీద నడక లాంటిది, సిమెంటు ఒక చోట ఉబ్బినా గీసుకుంటుంది.

ర్యాంపు పైకొస కూడా ప్రమాదమే. అక్కడ ముందు చక్రాలు దాటాక, వెనక చక్రాలు ఇంకా వాలు మీద ఉన్నప్పుడు కారు కడుపు ఆనుతుంది. చక్రాల మధ్య దూరం 245 సెం.మీ., నేలకు ఎత్తు 12 సెం.మీ. ఉన్న కారుకు కొసలో కోణం 11 డిగ్రీలు దాటితే అడుగు తగులుతుంది. అందుకే మేస్త్రికి చెప్పేటప్పుడు "స్లోప్ తగ్గించు" అని వదిలేయకుండా, కింద నాలుగడుగులు, పైన నాలుగడుగులు సగం వాలుతో కలపమని విడమరిచి చెప్పాలి.

ముందు భాగం పైకెత్తే ఏర్పాటు చాలా స్పోర్ట్స్ కార్లలో డబ్బు కట్టి తీసుకోవచ్చు. 911లో అది సుమారు 40 మి.మీ. లేపుతుంది. పై లెక్కలో 8 డిగ్రీలు దాదాపు పదిన్నర దాకా పెరుగుతుంది. ఎనిమిదికి ఒకటి వాలున్న ఇంటికి అది సరిపోతుంది. నాలుగుకు ఒకటి ఉన్నచోట పనికిరాదు.

వెడల్పుతో ముడి ఇక్కడ పడుతుంది. కిందికి ఉండే కార్లను ర్యాంపు మీదికి ఏటవాలుగా ఎక్కిస్తే బంపర్ తగలదు, ఒక చక్రం ముందు, ఇంకోటి తర్వాత ఎక్కుతుంది. సన్నటి గేటు ఆ వీలు ఇవ్వదు. నేరుగా వెళ్లక తప్పదు. కాబట్టి మీది ఎనిమిదడుగుల గేటు అయితే ర్యాంపు పదికి ఒకటి ఉండాల్సిందే. పది, పన్నెండడుగుల గేటు అయితే ఎనిమిదికి ఒకటితో నెట్టుకురావచ్చు. అడుగున్నర ఎత్తుకు పదికి ఒకటి అంటే పదిహేనడుగుల ర్యాంపు. అది రోడ్డు మీదికి రాకూడదు, వస్తే ఆక్రమణ కింద కూల్చేయవచ్చు. వాలును గేటు లోపలి నుంచే మొదలుపెట్టి, అవసరమైతే పార్కింగ్ నేలనే కొంత దించాలి.

## మొదటి ఎంపిక: కట్టడం ముట్టుకోకుండా సర్దుకోవడం

లోపల తొమ్మిదడుగులు అంతకంటే ఎక్కువ ఉంటే పై పట్టికలో ఏ కారుకూ ఇంతకు మించి అక్కర్లేదు. ఖర్చు దాదాపు శూన్యం. అలవాటు మాత్రం మార్చుకోవాలి.

కారును మధ్యలో పెట్టకూడదు. మనది కుడి స్టీరింగ్ కాబట్టి కారు ఎడమ పక్కను గోడకు ఆనించినంత దగ్గరగా నిలిపి, ఖాళీ అంతా కుడి పక్కకు తెచ్చుకోవాలి. పక్కన కూర్చున్నవాళ్లు గేటు బయటే దిగాలి. ముందుకు నడిపి పెడితే, గేటు దగ్గర నిలబడి లోపలికి చూసినప్పుడు ఎడమ గోడకు ఆనించాలి. రివర్స్‌లో పెడితే కుడి గోడకు. పైపులు, మెట్లు, మోటారు ఏ గోడన ఉన్నాయో చూసుకుని, ముందుకు వెళ్లాలా వెనక్కి వెళ్లాలా అన్నది దీన్ని బట్టి తేల్చుకోండి. చోటు అదే, కారు ముఖం మారితే దిగే పక్క మారుతుంది. ఈ ఒక్క మార్పుతో గోడ పగలగొట్టే పని తప్పిన ఇళ్లు ఎన్నో ఉంటాయి.

ఇరుకు రోడ్డు నుంచి తిరిగి రావాల్సి వస్తే రివర్స్ మేలు. తిరిగేవి ముందు చక్రాలు కాబట్టి, ముందుకు వెళ్లేటప్పుడు వెనక భాగం లోపలి మలుపును కోసుకుంటూ వస్తుంది, గేటు స్తంభానికి వెనక ఫెండర్ (చక్రం మీది బాడీ భాగం) రాసుకునేది అప్పుడే. రివర్స్‌లో వెనక చక్రాలు ముందుగా గేటులోకి చేరతాయి, ముక్కు ఆ తర్వాత రోడ్డు మీద తిరుగుతుంది. 911 లాంటి కార్ల వెనక ఫెండర్లు ముందువాటికంటే బయటికి ఉబ్బి ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. ముక్కు దాటింది కదా అని ధైర్యం తెచ్చుకోకూడదు.

రోజూ ఒకే చోట ఆపడానికి నేల మీద ఎడమ టైరు బయటి అంచు వెంబడి గుర్తు కావాలి. పెయింట్ గీత సీట్లోంచి కనిపించదు. సగానికి కోసిన పీవీసీ పైపునో, గుండ్రటి అంచున్న రబ్బరు పట్టీనో 3, 4 సెం.మీ. ఎత్తుకు మించకుండా నేలకు బిగించండి. టైరు దాన్ని తాకితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, రిమ్ముకు మాత్రం అందదు. ఇంకా ఎత్తుగా పెడితే సన్నటి సైడ్‌వాల్ ఉన్న టైరు దాటి రిమ్ గీసుకుపోతుంది.

ముందు చక్రాలకు అడ్డంగా బజారులో దొరికే పసుపు నలుపు రబ్బరు స్టాపర్లు ఈ కార్లకు పెట్టకూడదు. అవి తరచుగా 10 సెం.మీ. దాకా ఎత్తుంటాయి. చక్రం తాకేలోపే బంపర్ పెదవి తాకే ప్రమాదముంది. బయటికి తీసేటప్పుడు దానికే చిక్కుకుని ఊడొచ్చేది కూడా ఆ పెదవే. 4 సెం.మీ. పట్టీ చాలు. లేదంటే పైకప్పు నుంచి దారంతో ఒక టెన్నిస్ బంతిని వేలాడదీసి, అది అద్దాన్ని తాకగానే ఆపేయవచ్చు.

డోర్ అంచు తగిలే చోట గోడకు ఫోమ్ అతికించండి. అంగుళం మందం చాలు, రెండంగుళాలు వేస్తే మీ 65 సెం.మీ.లోంచే తింటుంది. ఎక్కడ అతికించాలో ఊహించవద్దు. కారు నిలిపి, డోర్ అంచుకు సుద్ద రాసి, నెమ్మదిగా తెరిచి గోడకు ఆనిస్తే గుర్తు పడుతుంది. దానికి పైనా కిందా జానెడు, అటూ ఇటూ రెండడుగులు వేస్తే సరిపోతుంది.

## రెండో ఎంపిక: అడ్డాలు తీయించడం

ఎనిమిదడుగుల నాలుగు అంగుళాల నుంచి తొమ్మిదడుగుల మధ్య ఉన్నవాళ్లకు అన్నింటికంటే విలువైన ఎంపిక ఇదే అని నా అభిప్రాయం. గోడ కదిలించక్కర్లేదు. గోడ మీద ఉన్నవి కదిలిస్తే చాలు.

డాబా మీది వాన నీళ్ల పైపు నాలుగంగుళాలది. క్లాంపులతో కలిపి గోడ నుంచి ఐదంగుళాలు బయటికొస్తుంది, అంటే 12, 13 సెం.మీ. పైపు ఉన్నది డోర్ తెరుచుకునే చోటే అయితే, ఆ 13 సెం.మీ. మొత్తం మీ దిగే దారిలోంచి పోతున్నట్టే. ప్లంబర్‌తో దాన్ని పై బీము కింద నుంచి మూలకు మళ్లించడం ఒకపూట పని. వాలు తగ్గకుండా, మలుపు దగ్గర శుభ్రం చేసుకునే మూత ఉండేలా చూడాలి. లేకపోతే మొదటి పెద్ద వానకే ఆకులతో మూసుకుపోతుంది.

కరెంటు మీటరు బోర్డు, నీళ్ల మోటారు స్టార్టర్ డబ్బా, చెప్పుల స్టాండు, గ్యాస్ బండ, సైకిలు కూడా ఈ జాబితాలోవే. మీటరు మార్చాలంటే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. మామూలు ఎలక్ట్రీషియన్‌తో సీలు తీయించకూడదు.

సంపు మూత సంగతి ప్రత్యేకం. మన ఇళ్లలో సంపు చాలాసార్లు పార్కింగ్ కిందే ఉంటుంది. కారును ఎడమ గోడకు జరిపితే, ఇన్నాళ్లూ చక్రం ఎక్కని మూత మీద ఇప్పుడు ఎక్కవచ్చు. 911 బరువులో దాదాపు అరవై శాతం వెనక చక్రాల మీదే ఉంటుంది, ఒక్కో వెనక చక్రం కింద 450 కిలోలకు పైగా. మనుషులు నడవడానికి వేసిన సన్నటి మూత దానికి ఆగదు. వాహనాల బరువుకు తయారైన మూత, దాని కింద సరైన ఫ్రేము వేయించాకే కారు చోటు మార్చండి.

ఇటుక గోడను కొంత కోయించడం గురించి అడిగేవాళ్లుంటారు. పిల్లర్లు, బీముల మీద నిలిచిన ఇంట్లో మధ్యనున్న ఇటుక గోడ బరువు మోయదు, తీయవచ్చు. పాతకాలపు ఇళ్లలో గోడే బరువు మోస్తుంది, దాన్ని తాకకూడదు. ఏది ఏదో స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూసి చెప్పాలి. కాంక్రీటు పిల్లరును రెండంగుళాలు చెక్కినా లోపలి ఇనుము గాలికి బయటపడి తుప్పు పడుతుంది, ఇంటి మొత్తానికే ముప్పు. ఎవరెంత భరోసా ఇచ్చినా పిల్లరు మీద ఉలి పెట్టనివ్వద్దు.

## మూడో ఎంపిక: గేటు, షట్టరు మార్చడం

లోపల చోటుండి, గేటు దగ్గరే చిక్కు పడేవాళ్లకు ఇది. రెండు రెక్కల గేటు లోపలికి తెరిచినప్పుడు సరిగ్గా 90 డిగ్రీల దగ్గర ఆగితే, రెక్క మందం, గడియ, బందు కలిసి ఒక్కో పక్క 8 నుంచి 10 సెం.మీ. తినేస్తాయి. బందులను స్తంభం లోపలి ముఖానికి మార్పించి, రెక్క గోడ వెంబడి పూర్తిగా వెనక్కి వాలేలా చేస్తే ఆ చోటంతా తిరిగొస్తుంది. వెల్డర్‌కు ఒకరోజు పని. గేటు పక్కన గోడ పొడవు ఉన్నవాళ్లు స్లైడింగ్ గేటు పెట్టుకోవచ్చు. గేటు వెడల్పుకు కనీసం ఇంకో అడుగు కలిపి అంత గోడ ఖాళీగా ఉండాలి. అంత లేకపోతే ఒకదాని వెనక ఒకటి జరిగే రెండు పలకల గేటు ఉంది, పట్టాలో మట్టి చేరకుండా చూసుకునే ఓపిక ఉంటే అదీ మంచిదే.

రోలింగ్ షట్టరు ఉన్నచోట, పక్క చానళ్లను ద్వారం లోపలే బిగిస్తే రెండు పక్కలా కలిపి 13 నుంచి 15 సెం.మీ. పోతుంది. అవే చానళ్లను గోడ లోపలి ముఖానికి, ద్వారం అంచుకు వెనకగా బిగిస్తే ఒక్క సెంటీమీటరూ పోదు. కొత్తగా వేయిస్తున్నప్పుడు ఈ ఒక్క మాట ముందే చెప్పాలి, చాలామంది పనివాళ్లు అలవాటుగా లోపలే బిగించేస్తారు.

గేటు స్తంభాన్నే జరపడం చివరి మాట. దాని లోపల ఇనుముంది, పునాది ఉంది, మీద సన్‌షేడ్ ఆనుకుని ఉండవచ్చు. పై రెండూ చేశాక కూడా చాలకపోతేనే ఆ ఆలోచన చేయాలి.

## నాలుగో ఎంపిక: చక్రాల కింద ట్రాలీలు

కారును మధ్యలో నిలిపి దిగి, నాలుగు చక్రాల కింద క్యాస్టర్ (అన్ని వైపులా తిరిగే చిన్న చక్రాల) ట్రాలీలు పెట్టి, పక్కకు తోసి గోడకు ఆనించే పద్ధతి. వీడియోల్లో చాలా సులువుగా కనిపిస్తుంది. మన ఇళ్లలో ఎక్కువసార్లు కుదరదు. కారణం నేల. కడిగిన నీళ్లు పోవాలని పార్కింగ్‌ను గేటు వైపు వాలుగా వేస్తారు. ట్రాలీల మీద ఉన్న కారును హ్యాండ్‌బ్రేక్ ఆపలేదు, తిరిగేది కారు చక్రం కాదు కదా, ట్రాలీ చక్రం. చిన్న వాలుకే కారు తనంతట తాను గేటు వైపు కదులుతుంది. దానికి తోడు గళ్ల పార్కింగ్ టైల్స్, షాబాద్ బండల మధ్య సందులు క్యాస్టర్లను పట్టేసుకుంటాయి.

నేల సమంగా, నున్నగా ఉండి, కారు వారానికోసారో నెలకోసారో మాత్రమే బయటికి తీసేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఒక్కో ట్రాలీ 600 కిలోలకు తక్కువ కాకుండా, వెనక వెడల్పాటి టైరుకు సరిపడేంత పెద్దదై ఉండాలి. జాక్‌తో లేపి కింద పెట్టే రకం కంటే, టైరును రెండు పక్కల నుంచి నొక్కి తానే లేపే రకం ఈ కార్లకు నయం. కింద జాక్ దూర్చే ఎత్తు ఉండదు. తోయడానికి ఇద్దరు కావాలి, బాడీ ప్యానెళ్ల మీద కాకుండా చక్రాల దగ్గర తోయాలి. ఆపాక నాలుగు ట్రాలీల క్యాస్టర్లకూ తాళం వేయాలి.

కారును పైకెత్తి పెట్టే లిఫ్టులు, కారును తిప్పే పీటలు వెడల్పు చిక్కును తీర్చవు. నాలుగు స్తంభాల లిఫ్టు తనే రెండు పక్కలా చోటు తింటుంది. తిరిగే పీట రివర్స్ బాధ తప్పిస్తుంది తప్ప డోర్ పక్కన ఒక్క అంగుళం కూడా ఇవ్వదు.

## అపార్టుమెంటు స్టిల్ట్‌లో ఉన్నవాళ్లకు

ఇక్కడ గోడ మీది కాదు, నేలా మీ ఒక్కరిది కాదు. మీ చేతిలో ఉన్నది కారు నిలిపే తీరు ఒక్కటే. 2.5 × 5 మీటర్ల పార్కింగ్ గడిలో పిల్లరు ఒక పక్క చొచ్చుకొస్తే వెడల్పు ఇంకా తగ్గుతుంది. కానీ పిల్లరు మొత్తం పొడవునా ఉండదు కదా. ఈ కార్లలో చాలావాటి పొడవు 4.3 నుంచి 4.6 మీటర్లే. అరమీటరు దాకా ముందుకూ వెనక్కూ జరిపే వీలుంది. పిల్లరు ముందు చక్రం పక్కనో వెనక చక్రం పక్కనో వచ్చేలా నిలిపితే డోర్ దాన్ని తప్పించుకుని తెరుచుకుంటుంది. మస్టాంగ్ పొడవు 4.78 మీటర్లు. ఈ వెసులుబాటు దానికి సగం కూడా దొరకదు. వెడల్పు పట్టిక చూసి ఎం2కూ మస్టాంగ్‌కూ పెద్ద తేడా లేదనుకున్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

పక్కపక్కనే రెండు గడులు మీవే అయితే, ఎడమ గడిలో కారు ముందుకు నడిపి, కుడి గడిలో కారు రివర్స్‌లో పెట్టండి. రెండు డ్రైవర్ డోర్లూ మధ్యకే తెరుచుకుంటాయి. రెండు కార్లకూ కలిపి ఒకే ఖాళీ చాలు, మిగతా చోటంతా గోడల వైపు మిగలకుండా పనికొస్తుంది.

గడి ఇంకా కేటాయించకపోతే, లోపలికి చూసినప్పుడు ఎడమ వైపు గోడ ఉన్న మూల గడి అడగండి. గోడ డోర్ తెరిచి మీ కారును కొట్టదు, పక్కింటివాళ్ల కారు కొట్టవచ్చు. ఇప్పటికే వేరేది వచ్చి ఉంటే, చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉన్నవాళ్లతో అసోసియేషన్ ద్వారా మార్చుకోవడం సాధ్యమే.

## ఎవరికి ఏది

| లోపలి కనీస వెడల్పు | మొదట చేయాల్సింది | సరిపోయే కార్లు |
|---|---|---|
| 9 అడుగులు, ఆపైన | ఎడమకు ఆనించి నిలపడం, పట్టీ, ఫోమ్ | పట్టికలో అన్నీ |
| 8 అ. 7 అం. – 9 అ. | పైపులు, బోర్డులు తీయించడం, గేటు బందులు మార్చడం | 718, 911. అడ్డాలు తీశాక జెడ్4, ఎం2 |
| 8 అ. 4 అం. – 8 అ. 7 అం. | అడ్డాలు తీసి మళ్లీ కొలవడం | 718 (8 అ. 5 అం. వస్తే). 911కు మళ్లీ కొలిచిన అంకె చూసి |
| 8 అ. 4 అం. లోపు | వేరే చోటు, లేదా వేరే కారు | సమంగా ఉన్న నేల మీద ట్రాలీలతో మాత్రమే |

రోజూ ఆఫీసుకు ఇదే కారులో వెళ్లేవాళ్లు పట్టికలోని అంకెకు ఇంకో 15 సెం.మీ. కలుపుకుని చూడాలి. ఆదివారం మాత్రమే తీసేవాళ్లకు 65 సెం.మీ. ఓర్చుకోదగ్గదే, రోజుకు రెండుసార్లు అయితే మోకాళ్లకు, డోర్ అంచుకు రెండింటికీ భారమవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూడా నడిపే కారైతే 80కి తగ్గవద్దు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు విప్పి తీసుకెళ్లగలిగే వాటికే ఖర్చు పెట్టాలి: పట్టీ, ఫోమ్, రబ్బరు ర్యాంపు ముక్కలు.

ఎనిమిదడుగుల లోపు చోటున్నవాళ్లు బయట కవరు వేసి పెట్టడమా, దగ్గర్లో అద్దె పార్కింగ్ తీసుకోవడమా అని ఆలోచిస్తుంటారు. అద్దె పార్కింగే మేలు. మన ఎండకు కవరు కింద కూడా రబ్బరు, లెదర్ ఎండిపోతాయి. దుమ్ము మీద కవరు లాగితే పెయింటు మీద సన్నటి గీతలు పడతాయి. కారు ఎక్కడ ఉన్నా వారానికోసారైనా కదపాలి, ఊరికే ఉన్న ఇంజిన్ బేలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. షట్టరున్న గ్యారేజీలో స్టార్ట్ చేసే ముందు షట్టరు పూర్తిగా ఎత్తాలి. చల్లని ఇంజిన్ వదిలే పొగ మూసిన చిన్న గదిలో ప్రాణాంతకం.

## అమెరికా, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు

అక్కడ లెక్క తిరగబడుతుంది. మన దగ్గర ఎక్కువగా గేటు వెడల్పు, లోపల ఇరుకు. అమెరికాలో సింగిల్ గ్యారేజీ లోపల సాధారణంగా చోటుంటుంది, తలుపు మాత్రం 8 లేదా 9 అడుగులు. 8 అడుగులంటే 244 సెం.మీ., మస్టాంగ్ మిర్రర్లు తెరిచి ఉండగా ఒక్కో పక్క 18 సెం.మీ. మిగులుతుంది. డ్రైవ్‌వే నేరుగా ఉంటే అది చాలు. తలుపు దగ్గరే వంపు ఉంటే 9 అడుగులకు పెంచాల్సి వస్తుంది. అంటే తలుపు మీది హెడర్ బీమును మార్చడం. సిటీ పర్మిట్, చాలాచోట్ల హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కావాలి. 16 అడుగుల డబుల్ తలుపు ఉన్నవాళ్లకు పైన చెప్పిన రెండు కార్ల పద్ధతే పనికొస్తుంది, ఎడమ స్టీరింగ్ కాబట్టి తిరగేసి: కుడి గడిలో ముందుకు, ఎడమ గడిలో రివర్స్‌లో.

బ్రిటన్‌లో పాత ఇళ్ల గ్యారేజీలు తలుపూ ఇరుకే, లోపలా ఇరుకే. ఏడడుగుల తలుపు అంటే 213 సెం.మీ. 911 మిర్రర్లు తెరిచి ఉండగా ఒక్కో పక్క ఐదారు సెంటీమీటర్లే. పైకి లేచే పాత తలుపుల్లో పక్కనుండే చేతులు ఇంకా కొంత తింటాయి. వాటి బదులు లోపలి గోడ ముఖానికి బిగించే సెక్షనల్ (పలకలుగా పైకి జరిగే) తలుపో రోలర్ (చుట్టుకునే) తలుపో వేయిస్తే ద్వారం మొత్తం వాడుకోవచ్చు. అయినా ఆ గ్యారేజీకి 173 సెం.మీ. వెడల్పున్న మాజ్దా ఎంఎక్స్-5, 177 సెం.మీ. ఉన్న టొయోటా జీఆర్86 లాంటివే హాయిగా ఉంటాయి.

## బుకింగ్ ముందు చివరి పరీక్ష

టెస్ట్ డ్రైవ్ కారును మీ ఇంటికే తీసుకురమ్మని షోరూమును అడగండి. ఈ ధరల కార్లకు ఒప్పుకునే అవకాశం ఎక్కువే. ముందురోజు నేల మీద సుద్దతో కారు ఆకారం గీసి పెట్టుకోండి. కారు వచ్చాక ర్యాంపు పైకొసలో ఒకరు కింద కూర్చుని అడుగు చూడాలి, ఇంకొకరు గేటు స్తంభం దగ్గర వెనక ఫెండరును గమనించాలి. గీసిన చోట నిలిపాక మీరే దిగి, మళ్లీ ఎక్కి చూడండి, ఆఫీసు బ్యాగుతో ఒకసారి, వర్షంలో గొడుగు పట్టుకున్నట్టు ఒకసారి. కారు ముందు మూత (కొన్ని కార్లలో డిక్కీ ముందే ఉంటుంది), వెనక డిక్కీ ఆ చోటులోనే తెరిచి చూడండి, బీముకో షట్టరు డ్రమ్ముకో తగులుతాయేమో. కొత్త కారుకు తీసుకోబోయే చక్రాల సైజు, ముందు భాగం పైకెత్తే లిఫ్ట్ ఏర్పాటు టెస్ట్ కారులో ఉన్నవేనా అని సేల్స్ వాళ్లను అడిగి రాసుకోండి. లిఫ్ట్ ఉన్న కారుతో పరీక్షించి, లేని కారు బుక్ చేస్తే ర్యాంపు దగ్గర ఫలితం వేరుగా ఉంటుంది.